సగం పాలు

కోడియాక్ రేవులో చేపల ఫ్యాక్టరీ మీది గదిలో
పదిహేడేళ్లుగా లెక్కలు రాస్తున్నాను.
పడవ ఎక్కితే నాకు వాంతులు.
అయినా ఎవరి కష్టం ఎంత తూగిందో
వాళ్ల పెళ్లాలకన్నా ముందు నాకే తెలుస్తుంది.

సారాకొట్టులో చెప్పే లెక్క వేరు.
అక్కడ ప్రతి కళాసీ ఒక్క సీజన్లో ఇల్లు కొన్నవాడే,
కాకపోతే ఇల్లు కొన్నవాడి బావమరిది.
ఈ మెట్లెక్కి వచ్చేసరికి
అదే మనిషి టోపీ తీసి చేత్తో పట్టుకుని
"ఎంత తేలింది, ఒఫీలియా?" అంటాడు
ఎక్స్‌రే తీసిన డాక్టర్ని అడిగినట్టు.

నిన్న మార్గిట్ పడవ వాళ్లొచ్చారు.
బేరింగ్ సముద్రంలో నలభై ఒక్క రోజులు.
పీతలు ఆరు లక్షల డాలర్లు పలికాయి.
ఆ అంకె కాగితం నెత్తిన రాస్తాను, అది ఆనవాయితీ.
కళ్లు కాసేపు అక్కడ చలి కాచుకుంటాయి.

ఆ తర్వాత కోతలు.
మొదట కౌలు.
అవును, సముద్రానికీ కౌలే.
పట్టే హక్కు ఎవరి పేరున ఉందో ఆయన
తడి తాడు ముట్టుకుని పన్నెండేళ్లయింది,
అరిజోనా ఎడారిలో గోల్ఫ్ ఆడుకుంటున్నాడు.
ఆయనకి మూడు లక్షలు.
డీజిలు నలభై ఆరు వేలు.
ఎరకి, అంటే పీతలు తిన్న హెర్రింగు చేపలకి, పద్దెనిమిది వేలు.
మనుషులు తిన్నదానికి తొమ్మిది.
నేను కల్పించలేదు, బిల్లులున్నాయి.
మిగిలినదాంట్లో పడవ వాటా పడవకి, సరంగు వాటా సరంగుకి,
నిండు కళాసీకి నూటికి ఆరు.
కొత్తవాడికి అందులో సగం పాలు.

ఇన్నొకెంతి నిండు పాలు మనిషి. ఇరవై రెండు సీజన్లు.
పదమూడు వేల ఆరువందల ఇరవై.
సంతకానికి పెన్నిస్తే వేళ్లు ముడుచుకోవు, చాచుకోవు,
బోను తాడు పట్టిన వంపులోనే ఆగిపోయాయి.
రెండు చేతుల మధ్య ఇరికించుకుని
పీత డెక్కల్తో రాసినట్టు రాశాడు తన పేరు.
నేను స్టేప్లర్ వెతుక్కుంటున్నట్టు నటించాను.

కొత్తవాడు వెస్లీ, ఐడహోలో బంగాళాదుంపల ఊరివాడు.
పంతొమ్మిదేళ్లు. చెవి కొస మంచుకి నల్లబడింది.
ఆరువేల ఎనిమిదివందల పది,
అందులో గ్లౌజులు, రెయిన్ కోటు, లైసెన్సు పోగా
ఆరువేల మూడువందల తొంభై ఎనిమిది.
"గంటకి ఎంత పడినట్టండీ?"

ఈ గదిలో ఎవరూ అడగని మాట.
ఇన్నొకెంతి కిటికీలోంచి వానని చూడ్డం మొదలెట్టాడు.
"రోజుకి ఎన్ని గంటలు చేశావు?"
"ఇరవై వేసుకోండి. ఒకసారి ముప్ఫై నాలుగు, వరసగా."
ఇరవయ్యే వేసి నొక్కాను.
ఏడు డాలర్ల ఎనభై సెంట్లు.
ఎదురుగా బండిలో కాఫీ అమ్మే పిల్లకి
దీనికన్నా ఎక్కువొస్తుంది, టిప్పులు కాక.

కుర్రాడు నవ్వాడు. నవ్వి, తల గోక్కుని,
"వచ్చే సీజన్‌కి నాకు నిండు పాలు ఇస్తారంటారా?" అన్నాడు.

వాడు మెట్లు దిగాక ఇన్నొకెంతి గుమ్మంలో నిలబడి
"నాది చెయ్యకు" అన్నాడు.
చెయ్యనన్నాను.
పదహారు డాలర్ల అరవై.
ఏటా చేస్తాను, మెషీన్లోంచి వచ్చిన చీటీ చింపేస్తాను.

బల్ల మీద ఒక్క చెక్కు ఉండిపోయింది, రెనాతోది.
పంతొమ్మిదో రోజున బోను జారి తుంటి మీద పడింది.
పంతొమ్మిది రోజులకే కట్టాను, సరంగు అలాగే కట్టమన్నాడు.
హెలికాప్టరుకి బిల్లు వెయ్యరు, అంతవరకు నయం.
యాంకరేజ్ ఆసుపత్రి చిరునామా రాశాను,
వార్డు నంబరు తెలీదు.
రేపు ఫోన్ చేసి కనుక్కోవాలి.